పన్ను బాకీ ఉందని కౌలుదారు కోతను యజమాని ఆపొచ్చా?

సంక్రాంతి దాటిందంటే నా లాయరు ఆఫీసుకు ఒకే రకం గొడవ మీద భూయజమానులు వస్తారు. ఉండేది కూకట్‌పల్లిలోనో వనస్థలిపురంలోనో, పొలం మాత్రం తెనాలి వైపో చేవెళ్ల దగ్గరో. కౌలు లెక్క చూసుకునేటప్పుడు పన్నుల దగ్గర మాట తేడా వస్తుంది. "దున్నుకునేది అతనే కదండీ, పన్నూ అతనే కట్టాలి. కట్టకపోతే వెళ్లగొట్టే హక్కు నాకు లేదా?" అని అడుగుతారు. లేదు. ఏటా పదిమందికి చెబుతున్నాను, మళ్లీ అదే పుకారు పట్టుకుని ఇంకొకరు వస్తారు.

అపోహ: దున్నేవాడే పన్ను కట్టాలని చట్టం ఉంది.

వాస్తవం: మీ ఇద్దరి మధ్య పన్ను ఎవరిదో ముందుగా తేల్చేది మీ ఒప్పందమే. సర్కారుకు, పంచాయతీకి ఆ ఒప్పందంతో పనిలేదు. డిమాండు ఎవరి పేరున ఉంటే వాళ్లనే అడుగుతారు, అది మామూలుగా పట్టాదారు పేరే. ముందు మీరు కట్టండి. కౌలుదారు భరిస్తానని ఒప్పుకొని ఉంటే అతని దగ్గర రాబట్టుకోవచ్చు. ఇవ్వకపోతే మూడేళ్లలోపు దావా వేయాలి. నోటిమాట కూడా ఒప్పందమే కానీ రుజువు చేయాల్సింది మీరు. అసలు ఆ ఊసే ఎత్తకుండా కౌలు మాట్లాడుకుని, తర్వాత పన్ను కూడా ఇమ్మంటే కోర్టులో నిలబడటం కష్టం.

కిందటేడు ఒక రిటైరైన పెద్దాయన కౌలు కాగితం తెచ్చారు. డెల్టాలో మూడెకరాలు. నోటుబుక్కు కాగితం మీద బాల్‌పెన్నుతో ఒక వాక్యం: "శిస్తు అంతా కౌలుదారే చెల్లించవలెను." ఆయన లెక్కలో శిస్తు అంటే సర్కారు పన్ను. కౌలుదారు లెక్కలో శిస్తు అంటే కౌలు, ఆ వైపు అలాగే అంటారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. గొడవ ఎంత డబ్బు మీద? పెద్ద కాలువల కింద నీటి తీరువా, అంటే కాలువ నీటికి సర్కారు వేసే పన్ను, మొదటి పంటకు ఎకరాకు 200 రూపాయలు, రెండో పంటకు 150. రెండు పంటలకూ కలిపి మూడెకరాలకు ఏడాదికి 1,050. దానికోసం ఆయన కోత మిషన్‌ను గట్టు దగ్గరే ఆపించారు. నాలుగో రోజున వాన. చేను పడిపోయింది. కౌలుదారు నష్టపరిహారం నోటీసు ఇచ్చాడు, చివరికి ఆ ఏటి కౌలులో సగం వదులుకుంటే గానీ రాజీ కుదరలేదు.

పన్ను బాకీ అంటే డబ్బు బాకీ. దాన్ని డబ్బుగానే వసూలు చేసుకోవాలి. చట్టప్రకారం కాకుండా కౌలుదారును పొలంలోంచి తప్పిస్తే, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద అతను ఆరు నెలల్లోపు దావా వేసి స్వాధీనం తిరిగి తీసుకోవచ్చు. అక్కడ భూమి ఎవరి సొంతమన్న చర్చే రాదు, మీ పాస్‌బుక్ అడ్డం పడదు. తెలంగాణ భూములకైతే 1950 నాటి కౌలుదారీ చట్టం కూడా ఉంది.

కౌలు రైతులకూ ఒక మాట. యజమాని కట్టాల్సిన బాకీ మీ నెత్తిన పడి, భూమి పోతుందన్న భయంతో మీరు కడితే, ఆ డబ్బు తిరిగి అడిగే హక్కు మీకుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 69లో ఇచ్చిన ఉదాహరణే ఇది: జమీందారు సర్కారుకు బాకీ పడితే భూమి వేలానికి వస్తుంది, కౌలుదారు ఆ బాకీ కట్టి ఆపుతాడు, జమీందారు అతనికి ఆ డబ్బు తిరిగివ్వాలి. లా చదివేటప్పుడు ఆ పేరా చూసి వెంటనే మా నాన్నకు ఫోన్ చేశాను. ఆయన కౌలు రైతు. ఒకసారి యజమాని పాత బాకీ తనే కట్టి, మళ్లీ ఏడు పొలం ఇవ్వరేమోనని అడగలేదు. "అడగొచ్చా?" అన్నారు, అంతే.

మిగతావి త్వరగా చెప్తాను. పన్ను రసీదు కౌలుదారు పేరున ఉన్నంత మాత్రాన భూమి అతనిది అయిపోదు. కాగితం రాసిస్తే రక్షిత కౌలుదారు, అంటే తెలంగాణ 1950 చట్టం కింద తేలిగ్గా ఖాళీ చేయించలేని కౌలుదారు, అయిపోతాడని టెన్షన్ పడేవాళ్లున్నారు. ఆ హోదా ఆ చట్టంలోని పాత తేదీలకు ముడిపడినది, ఇవాళ రాసే కాగితంతో రాదు. ఆంధ్రలో 2019 నాటి పంట సాగుదారుల చట్టం కింద రాసుకునేది పదకొండు నెలల ఒప్పందం, దానివల్ల భూయజమాని హక్కు పోదు. ఏడాదికి మించిన కౌలైతే రిజిస్టర్ చేయించాలి. తెలంగాణలో నీటి తీరువా వసూలు లేదు. ఇక్కడ నా దగ్గరకు వచ్చే గొడవలు ఎక్కువగా పొలంలో కట్టిన గదికీ షెడ్డుకూ పంచాయతీ వేసే ఇంటి పన్ను మీదే. షెడ్డు ఎవరు కట్టారు, ఎవరు వాడుతున్నారు అనేది కూడా కాగితంలో రాయించండి.

ఆ పెద్దాయన, కౌలుదారు ఈ ఏడు మళ్లీ వచ్చి నా బల్ల దగ్గరే కాగితం రాసుకున్నారు. శిస్తు అనే మాట తీసేశాం. కౌలు ఒక వరుసలో, నీటి తీరువా ఇంకో వరుసలో, ఏది ఎవరు, ఏ తేదీలోపు కట్టాలో రాశాం. సంతకం పెట్టే ముందు కౌలుదారు ఒక్కటి అడిగాడు: "పాత బాకీ నాది కాదని కూడా రాయండి సార్." రాశాం.