కారులో నల్లులు: అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో పెస్ట్ కంట్రోల్ పని చేస్తుంటాను. కారులో నల్లులున్నాయని ఫోన్ చేసేవాళ్ళలో చాలామంది అప్పటికే ఏదో ఒకటి కొట్టేసి ఉంటారు. దాంతో నల్లుల కంటే ముందు ఆ మందు సంగతి చూడాల్సి వస్తుంది. ఇంట్లో మందు కొడితే కిటికీలు తీసి పక్కింటికైనా వెళ్ళొచ్చు. కారులో అలా కుదరదు. అద్దాలు మూసి, ఏసీ వేసుకుని, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ గాలే పీలుస్తాం. అందుకే నేను తరచూ వినే మాటలు, వాటి వెనకున్న అసలు సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: శుభ్రంగా ఉంచే కారుకు నల్లులు పట్టవు.

నల్లికి కావాల్సింది మురికి కాదు, రక్తం. అది ఎగరలేదు, దూకలేదు. ఎవరో మోసుకొస్తేనే వస్తుంది. హాస్టల్ ఖాళీ చేసిన పిల్లవాడి పరుపు, స్లీపర్ బస్సు దిగిన బ్యాగు, సెకండ్ హ్యాండ్‌లో కొన్న సోఫా డిక్కీలో ఎక్కాయంటే చాలు. సొంత కార్లలో నల్లులు కాపురం పెట్టడం తక్కువ. ఎక్కువసార్లు అసలు గూడు ఇంట్లో మంచం దగ్గరే ఉంటుంది, కారులో కనిపించేవి అక్కడి నుంచి వచ్చినవే. రాత్రిళ్ళు పార్కింగ్‌లో సీటు వాల్చుకుని పడుకునే క్యాబ్ డ్రైవర్ల సంగతి వేరు. అక్కడ కారే పడకగది కాబట్టి నల్లులు నిజంగానే స్థిరపడతాయి.

అపోహ: కారులో కూర్చుంటే దురద వచ్చింది, కాబట్టి నల్లులే.

దద్దుర్లు చూసి నేను కూడా చెప్పలేను. పురుగునో, దాని గుర్తులనో చూడాలి. పెద్ద నల్లి 5 నుంచి 7 మిల్లీమీటర్లు, ఇటుక రంగు, బల్లపరుపుగా ఉంటుంది. గుడ్డు తెల్లగా, మిల్లీమీటరు పొడవు. సీటు కుట్ల వెంబడి పెన్ను ఇంకు పడ్డట్టు నల్ల చుక్కలు, పల్చటి పొట్టులు కనిపిస్తే అనుమానం అక్కర్లేదు. కుక్కను తిప్పే కార్లలో నల్లి అని చూపించేది చాలాసార్లు పిడుదు. ఎనిమిది కాళ్ళుంటే అది నల్లి కాదు, దాని వైద్యం కుక్క దగ్గర మొదలవ్వాలి.

అపోహ: మే నెల ఎండలో అద్దాలు మూసి పెడితే అన్నీ మాడి చస్తాయి.

ఇది పూర్తి అబద్ధం కాదు, అందుకే ఇంతమంది నమ్ముతారు. మన పెద్దవాళ్ళు నులక మంచాన్ని ఎండలో వేసి, కర్రతో కొట్టి, సందుల్లో మరిగే నీళ్ళు పోసేవాళ్ళు. వేడికి నల్లి చస్తుందన్నది నిజమే. పెద్ద నల్లి 45 డిగ్రీల దగ్గర చావడానికి గంటన్నర పడుతుంది. గుడ్లు మొండివి, అదే వేడికి ఏడు గంటల దాకా తట్టుకుంటాయి. 55 డిగ్రీలకు చేరితే మాత్రం గుడ్లు కూడా నిలవవు.

చిక్కంతా ఆ వేడి ఎక్కడికి చేరుతుందన్నదే. బయట 38 డిగ్రీలు దాటిన రోజు ఎండలో గంటసేపు నిలబెట్టిన కారులో డాష్‌బోర్డు 70 దగ్గరికి పోతుంది, సీటు పైభాగం 50 దగ్గర ఉంటుంది. సీటు కింద, మ్యాట్ కింద, ఫోమ్ లోపల అంత ఉండదు. నల్లి డాష్‌బోర్డు మీద కూర్చోదు కదా. పైన వేడెక్కేకొద్దీ కింది సందుల్లోకి జారుకుంటుంది. సాయంత్రం మీరు ఏసీ వేయగానే మళ్ళీ పైకి వస్తుంది.

అయినా ఎండను వదులుకోమని అనను, అది ఉచితంగా వచ్చే సాయం. సీటు కవర్లు, మ్యాట్లు తీసేసి, తీగ చివర సెన్సర్ ఉండే చిన్న థర్మామీటర్‌ను సీటు కింద అన్నిటికంటే చల్లగా ఉండే మూలలో పెట్టండి. అక్కడ 50 దాటి కొన్ని గంటలు నిలిస్తేనే ఆ రోజు లెక్కలోకి వస్తుంది. కారు పెట్టేముందు శానిటైజర్, సెంటు సీసాలు, లైటర్లు, స్ప్రే డబ్బాలు, పవర్ బ్యాంకులు బయటికి తీయాలి. పిల్లలు గానీ పెంపుడు జంతువులు గానీ లోపల లేరని రెండుసార్లు చూసుకోవాలి. గదికి వేసే రూమ్ హీటర్‌ను కారులో పెట్టడం మాత్రం వద్దు, సీట్లు అంటుకుంటాయి.

అపోహ: ఒక బిళ్ళ పెట్టి రాత్రంతా మూసేస్తే తెల్లారేసరికి సాఫ్.

ఇది చదివి ఇంకేమీ చదవకపోయినా పర్వాలేదు. ధాన్యం నిల్వలో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళ గాలిలోని తేమ తగలగానే ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతుంది. దానికి విరుగుడు లేదు. ఆసుపత్రిలో చేయగలిగింది గుండె, ఊపిరి నిలబెట్టే ప్రయత్నమే. ఇంట్లో పురుగుల కోసం ఆ బిళ్ళలు పెట్టి, అదే ఇంట్లో పడుకున్న పిల్లలు చనిపోయిన వార్తలు మన దేశంలో మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉన్నాయి. మన చట్టం ప్రకారం ఆ బిళ్ళలతో పని ప్రభుత్వ సంస్థలు, అనుమతి పొందిన నిపుణులున్న పెస్ట్ కంట్రోల్ వాళ్ళు మాత్రమే చేయాలి. షాపులో విడిగా ఇచ్చారంటే అది మంచితనం కాదు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నిలబెట్టిన కారులో ఆ బిళ్ళ పెడితే పైన ఉండేవాళ్ళ ప్రాణం కూడా పణంగా పెట్టినట్టే.

ప్రమాదంలో దీని తర్వాతి స్థానం నువాన్ పేరుతో ఒకప్పుడు ఇంటింటా ఉన్న డైక్లోర్వాస్ అనే పురుగుమందుది. 2020 డిసెంబర్ 31 నుంచి దేశంలో దాని వాడకం పూర్తిగా నిషేధం. పాత సీసా అటక మీద దొరికినా కారులో కొట్టకండి. ఫోమ్ దాన్ని పీల్చుకుని, కారు వేడెక్కినప్పుడల్లా బయటికి వదులుతుంది.

అపోహ: పెట్రోలు, కిరోసిన్, శానిటైజర్... ఏదైనా పని చేస్తుంది.

తడిసిన నల్లి చస్తుంది, నిజమే. పక్క సందులో ఉన్నదానికి, గుడ్లకు ఏమీ కాదు. మిగిలేది మండే ఆవిరి నిండిన కారు. ఒక్క నిప్పురవ్వ చాలు. కలరా ఉండలు, కర్పూరం, వేపనూనె వాసనకు నల్లులు చోటు మారతాయంతే. బాంబులా పొగ వదిలే డబ్బాలదీ అదే వరస. పొగ సందుల్లోకి దూరదు, నల్లులు మాత్రం డోర్ ప్యానెల్ లోపలికి చెదిరిపోతాయి. పురుగుల్ని చంపే తెల్ల పొడి చల్లడం ఇంట్లో గోడ పగుళ్ళకైతే సరే గానీ, కారులో ఏసీ ఫ్యాన్ దాన్ని నేరుగా మీ ముక్కులోకి తెస్తుంది.

అపోహ: నెల రోజులు కారు తీయకపోతే ఆకలికి చస్తాయి.

చావవు. రక్తం లేకుండా నెలల తరబడి బతకగలవు. మీ బ్యాటరీ ముందు పోతుంది.

మరి ఏం చేయాలి?

మన కార్లలో నల్లికి దొరికే మంచి చోటు కంపెనీ సీటు కాదు, దానిమీద మనం వేయించుకునే కవరు. కవరుకు, సీటుకు మధ్య వెచ్చగా, చీకటిగా ఉంటుంది. డ్రైవర్లు వేసుకునే పూసల సీటు అయితే ప్రతి పూస సందులోనూ గుడ్డు పెట్టొచ్చు. దాన్ని బాగుచేసే ప్రయత్నం మానేసి, సంచిలో కట్టి పారేయడమే మేలు. బట్ట కవర్లు, మెడ దిండ్లు 60 డిగ్రీల నీళ్ళలో ఉతకాలి. డ్రైయర్ ఉంటే ఎక్కువ వేడి మీద అరగంట తిప్పాలి. ఉతకలేని చిన్న బొమ్మల్లాంటివి సంచిలో కట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో నాలుగు రోజులు ఉంచొచ్చు.

తర్వాత సన్నటి మూతి ఉన్న వాక్యూమ్ క్లీనర్‌తో కుట్లు, సీటు రైళ్ళు, హెడ్‌రెస్ట్ కడ్డీల చుట్టూ, డిక్కీలో స్టెప్నీ గుంట వరకు లాగాలి. ఆ చెత్త సంచిని వెంటనే మూతికట్టి బయట పారేయాలి. ఆ పైన ఆవిరి. కార్ వాష్‌లో వాడే గట్టి ప్రెషర్ గన్ కాదు, అది నల్లుల్ని చావకముందే ఎగరగొడుతుంది. వెడల్పు మూతితో, తక్కువ ప్రెషర్‌తో, అడుగు దూరానికి పది పదిహేను సెకన్లు పట్టేంత నెమ్మదిగా జరపాలి. ఆవిరి తగిలిన చోటు 70 డిగ్రీలు దాటాలి. సీటు కింద పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగువి. అక్కడ ఆవిరి పట్టొద్దు, పీకొద్దు. సీటు ఊడదీయాల్సి వస్తే మెకానిక్ చేత తీయించండి. సీట్ బెల్టు పట్టీ మీద మందు, బ్లీచింగ్ ఏదీ పడకూడదు, పట్టీ బలం తగ్గుతుంది.

గుడ్లు పగలడానికి వారం పది రోజులు పడుతుంది. కాబట్టి రెండు వారాలాగి ఇదంతా మళ్ళీ చేయాలి. ఇంట్లో మంచాలు చూడకుండా కారు ఒక్కటే చేయిస్తానంటే నేను ఒప్పుకోను, అది డబ్బు దండగ.

మందు కొట్టక తప్పదని ఎవరైనా అంటే, వ్యవసాయ శాఖ ఇచ్చిన లైసెన్స్ చూపమనండి. డబ్బా మీద నల్లుల పేరు, రంగు గుర్తు చూడండి. ఎరుపు అన్నిటికంటే ప్రమాదకరం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. మన దగ్గర నల్లులు చాలా చోట్ల పైరిత్రాయిడ్ మందులకు (ఇళ్ళలో ఎక్కువగా కొట్టే పురుగుమందుల రకం) అలవాటు పడిపోయాయి, వాటికి చావవు. అందుకే ఇంకా గట్టిగా కొట్టమని అడగడం వల్ల మీకే నష్టం, వాటికి కాదు.

అపోహ: ఇక కారు అమ్మేయడమే దారి.

అక్కర్లేదు, కారులో నల్లులు పోతాయి. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్ళు మాత్రం ఇంజిన్ చూసినట్టే వెనక సీటు కవరు ఒక మూల ఎత్తి, టార్చి వేసి కుట్లు చూడండి. అమ్మేవాళ్ళు కవరు ఎత్తనివ్వకపోతే బేరం అక్కడే ఆపేయొచ్చు.