అమ్మ పేరుకు గడి లేని పుస్తకం

ఇంగ్లండ్, వేల్స్‌లలో పెళ్లి నమోదులో వధూవరుల తల్లుల పేర్లు రాయడం మొదలైంది 2021 మే 4న. అంతకుముందు 184 ఏళ్ల పాటు తండ్రి పేరుకు ఒక గడి, తండ్రి వృత్తికి ఒక గడి, అంతే. పక్కనే ఉన్న స్కాట్లాండ్‌లో 1855 నుంచే తల్లి పేరును ఆమె పుట్టింటి ఇంటిపేరుతో సహా రాస్తున్నారు. ఇంగ్లండ్‌లో ఇంత ఆలస్యం ఎందుకైందో తెలియాలంటే, ఆ పెళ్లి నమోదు పుస్తకం ఎవరి అవసరం కోసం పుట్టిందో చూడాలి.

1538 సెప్టెంబరులో ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు. ప్రతి పారిష్‌లోనూ, అంటే ఒక చర్చి కిందికి వచ్చే ప్రతి ఊళ్లోనూ, పెళ్లిళ్లు, బాప్తిస్మాలు, సమాధులు రాసే పుస్తకం ఉండాలన్నాడు. చర్చి గురువు ప్రతి ఆదివారం పెద్దల సమక్షంలో రాయాలి. పుస్తకాన్ని రెండు తాళాల పెట్టెలో దాచాలి. రాయడం మరిస్తే 3 షిల్లింగుల 4 పెన్నీల జరిమానా. ఇదంతా కొత్త పన్ను వేయడానికేనని జనం భయపడ్డారు. ఆ భయం ఒకటిన్నర శతాబ్దం తర్వాత నిజమైంది. ఫ్రాన్స్‌తో యుద్ధం ఖర్చుల కోసం 1695 నుంచి పెళ్లికీ పుట్టుకకూ చావుకూ పన్ను కట్టించుకున్నారు. పెళ్లికి తక్కువలో తక్కువ రెండున్నర షిల్లింగులు. పాతికేళ్లు దాటినా పెళ్లి చేసుకోని మగవాళ్లకు ఏడాదికో షిల్లింగు. ఇది 1706 వరకు సాగింది. 1783లో మళ్లీ ఒక్కో నమోదుకు 3 పెన్నీల చొప్పున మొదలుపెట్టి, పదకొండేళ్ల తర్వాత ఎత్తేశారు.

తొలినాళ్ల పెళ్లి నమోదు ఒక్క వరుస. తేదీ, అతని పేరు, ఆమె పేరు. వయసు లేదు, వృత్తి లేదు. తండ్రి పేరు కూడా సాధారణంగా ఉండేది కాదు. అయినా ఆ ఒక్క వరుసకు చాలా విలువుంది. పొలంలో కూలి చేసుకుని బతికిన ఆడమనిషి పుట్టింటి ఇంటిపేరు దొరికేది చాలాసార్లు అక్కడే. ఆ తర్వాత ఆమె రికార్డుల్లో ఫలానావాడి భార్య, ఫలానావాడి వితంతువు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారడం ఎరిగిన మనకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆ వరుసల్లోంచి ఎంత చరిత్ర తవ్వవచ్చో చూపించిన ఊరు కోలిటన్. నైరుతి ఇంగ్లండ్‌లోని డెవాన్ కౌంటీలో ఉంది. అక్కడి రిజిస్టర్లు 1538 నుంచి పెద్దగా తెగిపోకుండా మిగిలాయి. చరిత్రకారుడు రిగ్లీ ఒక్కో పెళ్లి నమోదునూ అదే మనిషి బాప్తిస్మంతో, పిల్లల బాప్తిస్మాలతో, సమాధితో జతపరిచి కుటుంబాలను తిరిగి కూర్చాడు. పుస్తకంలో ఎక్కడా లేని పెళ్లి వయసు అలా బయటపడింది. 1966లో ఆయన ప్రచురించిన ఫలితాలు చాలామంది అంచనాలను తారుమారు చేశాయి. పాతకాలం కాబట్టి చిన్న వయసులోనే పెళ్లిళ్లు అయ్యేవనుకుంటాం. కోలిటన్‌లో 1560 నుంచి 1646 వరకు ఆడవాళ్ల తొలి పెళ్లి వయసు సగటున 27 ఏళ్లు. 1645–46లో ప్లేగు వచ్చి దాదాపు 400 మందిని తీసుకుపోయింది. ఆ తర్వాతి డెబ్బై ఏళ్లలో ఆ సగటు 30కి చేరువైంది. అదే కాలంలో మగవాళ్ల సగటు 28 కూడా లేదు. అంటే ఆ ఊళ్లో సగటున పెళ్లికూతురే వయసులో పెద్ద! ఏ రాజు చరిత్రలోనూ కనిపించని సంగతి ఇది.

పుస్తకం రూపం మారింది 1754 మార్చి 25న. దొంగచాటు పెళ్లిళ్లు పెరిగి, ఆస్తిపరులు పిల్లల విషయంలో బెంబేలెత్తడంతో లార్డ్ హార్డ్‌విక్ చట్టం వచ్చింది. పెళ్లాడబోయేవారి పేర్లు మూడు ఆదివారాలు చర్చిలో అందరి ముందూ చదవాలి, లేదా చర్చి అధికారుల దగ్గర లైసెన్సు తెచ్చుకోవాలి. వధూవరులు, ఇద్దరు సాక్షులు సంతకాలు చేయాలి. రాయడం రానివాళ్లు ఇంటూ గుర్తు పెట్టేవారు. మన పాత దస్తావేజుల్లోని నిశానీలాంటిదే. 1840 ప్రాంతంలో కూడా పెళ్లికొడుకుల్లో మూడోవంతు, పెళ్లికూతుళ్లలో దాదాపు సగం నిశానీలే పెట్టారు. ఇదే చట్టంలో తల్లి స్థానం ఏమిటో కూడా తేలిపోయింది. 21 ఏళ్లు నిండనివాళ్లు లైసెన్సుతో పెళ్లాడాలంటే తండ్రి అనుమతి కావాలి. తండ్రి లేకపోతే సంరక్షకుడిది. అతనూ లేకపోతేనే తల్లి మాట చెల్లుతుంది, అదీ ఆమె మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఉంటే.

1837 జులై 1న ప్రభుత్వ నమోదు మొదలైనప్పుడు ఆ ఆలోచనే అచ్చు గడులుగా మారింది. వయసు, హోదా లేదా వృత్తి, నివాసం, తండ్రి పేరు, తండ్రి వృత్తి. ఒంటరి తల్లి పెంచిన బిడ్డ పెళ్లిలో తండ్రి గడి ఖాళీగా ఉండేది, లేదా అడ్డగీత పడేది. కొందరు సిగ్గుతో లేని తండ్రి పేరు కల్పించి రాయించేవారు. పెంచిన తల్లి పక్కనే నిలబడి ఉన్నా ఆమె పేరుకు చోటు లేదు. నాకు ఇది గుమాస్తా మరుపులా కాదు, అన్యాయంలాగే కనిపిస్తుంది.

ఆ గడులు మన దాకా వచ్చాయి. 1872లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన భారత క్రైస్తవ వివాహ చట్టం జతచేసిన నమూనా రిజిస్టరులోనూ వరుస దాదాపు అదే: పేరు, వయసు, వృత్తి, నివాసం, తండ్రి పేరు. తెలుగు క్రైస్తవుల పెళ్లిళ్లకూ వర్తించే చట్టమే అది.

తల్లి పేరు కూడా రాయాలని ఇంగ్లండ్‌లో 2014లో వేలమంది సంతకాలతో అర్జీ పెట్టారు. ప్రధాని కామెరాన్ మారుస్తామని మాటిచ్చారు. కానీ చర్చిల్లో, ఆఫీసుల్లో వాడుకలో ఉన్న అచ్చు పుస్తకాలన్నిటినీ మార్చడం ఖర్చుతో కూడిన పని. చివరికి 2019 చట్టంతో పుస్తకాన్నే పక్కనపెట్టి, పెళ్లిరోజు ఒక పత్రం మీద సంతకాలు తీసుకుని కంప్యూటరులో ఎక్కించే పద్ధతి తెచ్చారు. తల్లి పేరుకు చోటు దొరికేసరికి, నాలుగు వందల ఎనభై ఏళ్లకు పైగా నడిచిన చేతిరాత రిజిస్టరు చట్టపరమైన రికార్డుగా ఆగిపోయింది. పాత సంపుటాలు ఇప్పుడు ఎక్కువగా కౌంటీ రికార్డు ఆఫీసుల్లో ఉన్నాయి, 1837 నుంచి గీసిన ఆ గడులతోనే.