బయోపిక్‌ల మీద అపోహలు - వాస్తవాలు: ‘సెల్మా’ సినిమా సాక్షిగా

నేను బయోపిక్‌లకు స్క్రీన్‌ప్లే రాస్తాను. కథా చర్చల్లో పదేపదే వినిపించే కొన్ని అభిప్రాయాలకు, అమెరికా నల్లజాతి హక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ మీద ఆవా డువర్నే 2014లో తీసిన ‘సెల్మా’ను ముందు పెట్టుకుని జవాబు చెబుతాను.

అపోహ: నాయకుడి కథ అంటే పుట్టుక నుంచి మరణం దాకా చూపించాలి.

వాస్తవం: ఈ సినిమా ప్రధానంగా 1965లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, సెల్మా అనే పట్టణం కేంద్రంగా నల్లజాతివారి ఓటు హక్కు కోసం కొన్ని నెలలు సాగిన పోరాటం. కింగ్ బాల్యం లేదు, హత్య సీన్ లేదు. అయినా ఆయన భయం, అలసట, భార్య కొరెట్టా ముందు జవాబు దొరకని మౌనం అన్నీ ఉన్నాయి.

అపోహ: వేదిక మీద వినిపించేవి కింగ్ అన్న మాటలే.

వాస్తవం: కావు. ఆ ప్రసంగాలను సినిమాలో వాడుకునే హక్కులు అప్పటికే వేరేవాళ్ల చేతిలో ఉన్నాయి. డువర్నే ఆయన ధోరణిని, లయను పట్టుకుని కొత్తగా రాశారు. దీనివల్ల సినిమాకు మేలే జరిగిందంటాను. కంఠతా వచ్చిన వాక్యం వినబడితే మనం ఆ వాక్యానికే చప్పట్లు కొడతాం. ఇక్కడ పోలీసు కాల్పుల్లో చనిపోయిన జిమ్మీ లీ జాక్సన్ కోసం కింగ్ మాట్లాడుతుంటే, ఆ క్షణంలోనే ఆలోచించి మాట్లాడుతున్నట్టుంటుంది.

అపోహ: తేదీలు మార్చితే చరిత్రను వక్రీకరించినట్టే.

వాస్తవం: బర్మింగ్‌హామ్ చర్చిలో బాంబు పేలి నలుగురు బాలికలు చనిపోయింది 1963 సెప్టెంబర్ 15న. కింగ్ నోబెల్ అందుకున్నది 1964 డిసెంబర్‌లో. సినిమాలో నోబెల్ ముందు వస్తుంది, పేలుడు దాని తర్వాత వస్తుంది. ఆ గౌరవం ఎవరి ప్రాణాల మధ్య దక్కిందో ఆ వరుస చెబుతుంది కాబట్టి నాకు అభ్యంతరం లేదు.

ప్రెసిడెంట్ జాన్సన్ విషయంలో మాత్రం ఉంది. కింగ్ వ్యక్తిగత జీవితాన్ని రహస్యంగా రికార్డు చేసి, బెదిరించడానికి ఎఫ్‌బీఐ ఆయనకు పంపిన టేపు వెనక జాన్సన్ ఉన్నట్టు సినిమా తోపింపజేస్తుంది. కింగ్ ఫోన్ల మీద నిఘాకు 1963లో అనుమతి ఇచ్చింది అప్పటి అటార్నీ జనరల్ రాబర్ట్ కెనెడీ. టేపు వెళ్లింది 1964 నవంబర్‌లో, అంటే సెల్మా ఉద్యమానికి ముందే. పైగా ఓటు నిరాకరణలో అతి దారుణమైన ఉదాహరణను వెతికి జనం ముందు పెట్టమని 1965 జనవరి 15న ఫోన్‌లో కింగ్‌కు చెప్పింది జాన్సనే. సంఘటనలు వెనకాముందు చేయడం వేరు, చేయని తప్పు ఒకరి నెత్తిన వేయడం వేరు.

ఆ ఫోన్ సంభాషణ రికార్డింగ్ అందరికీ అందుబాటులో ఉంది. బయోపిక్ రాయాలనుకునేవాళ్లు సినిమా చూసిన వెంటనే అది కూడా వినండి.