యాప్‌కు ధర పెట్టాలా, వద్దా: అపోహలు - వాస్తవాలు

అనంతపురం చీనీ (బత్తాయి) రైతులు తూకం, సూటు (తూకంలో వ్యాపారి తరుగు కింద తగ్గించుకునే బరువు), కోత కూలి లెక్కలు రాసుకోవడానికి వీలుగా ఒక యాప్‌ను తయారుచేసి నడుపుతున్నాను. సొంతంగా యాప్ చేసుకున్న యువకులు కర్నూలు నుంచి, కడప నుంచి ఫోన్ చేసి ధర సంగతి అడుగుతుంటారు. వారి మాటల్లో పదేపదే వినిపించే అపోహలు ఇవి.

అపోహ: ముందు ఉచితంగా ఇచ్చి, జనం అలవాటు పడ్డాక ధర పెట్టవచ్చు.

వాస్తవం: గూగుల్ ప్లే స్టోరులో ఒకసారి ఉచితంగా విడుదల చేసిన యాప్‌ను, తరువాత డబ్బు పెట్టి కొనుక్కునే యాప్‌గా మార్చడానికి వీలులేదు. కొత్త ప్యాకేజీ పేరుతో (స్టోరు ఒక్కో యాప్‌ను గుర్తుపట్టే పేరు అది) మరో యాప్‌గా పెట్టుకోవలసిందే. పాత డౌన్‌లోడ్లు గానీ, రేటింగులు గానీ దానికి రావు. ధర ఉన్న యాప్‌ను ఉచితం చేయడానికి మాత్రం అడ్డులేదు. ఉచిత యాప్‌లోనే కొన్ని సౌకర్యాలకు రుసుము పెట్టుకోవచ్చు, కానీ అక్కడా జాగ్రత్త అవసరం. అంతవరకు ఊరికే ఇచ్చిన సూటు లెక్కను నేను ఒక ఏడాది రుసుము కట్టినవారికే పరిమితం చేస్తే, ఒక రైతు ఫోన్ చేసి, "ఇచ్చినట్టే ఇచ్చి గుంజుకుంటివి గదన్నా" అన్నాడు. ఆయన మాటలో న్యాయముంది. ఆ లెక్కను మళ్లీ అందరికీ తెరిచి, కొత్తగా చేర్చిన, పట్టీలను (అమ్మకం రసీదులను) దాచుకునే సౌకర్యానికి, ఏడాది మొత్తం లెక్క ముద్రించుకునే సౌకర్యానికి మాత్రమే రుసుము పెట్టాను.

అపోహ: వాట్సాప్ ఉచితం కదా, మనదీ అలాగే ఉండాలి.

వాస్తవం: వాట్సాప్ కూడా ఒకప్పుడు ఏడాది చందా తీసుకున్నదే. 2014లో ఫేస్‌బుక్ దానిని కొన్న తరువాత, 2016 జనవరిలో చందా ఎత్తివేసింది. మనకు అటువంటి అండ లేదు. ఓటీపీ సందేశం ఒక్కొక్కటికీ, సర్వరు అద్దెకూ మన జేబులోంచే పోతుంది కనుక, ఉచితంగా చేరే ప్రతి మనిషితోనూ మన ఖర్చు పెరుగుతుంది.

అపోహ: ప్రకటనలు పెడితే ఖర్చులు వెళ్లిపోతాయి.

వాస్తవం: ప్రకటనల ఆదాయం గంటల తరబడి చూసే ఆటలకు, వీడియోలకు సరిపోవచ్చు. కాటా దగ్గర నిలబడి ఒక్క నిమిషం తెరిచే యాప్‌లో తూకం అంకె మీద ప్రకటన పడితే రైతుకు నష్టం, మనకు దక్కేది నామమాత్రం.

అపోహ: స్టోరు 30 శాతం కోసుకుంటుంది కనుక ధర పెట్టి లాభం లేదు.

వాస్తవం: 2021 జులైలో గూగుల్, ఏడాదికి తొలి 10 లక్షల డాలర్ల ఆదాయంపై తన వాటాను 15 శాతానికి తగ్గించింది. ఆపిల్ కూడా అదే ఏడాది జనవరిలో చిన్న డెవలపర్లకు 15 శాతమే చేసింది.

అపోహ: సీమలో డబ్బు కట్టి యాప్ ఎవరూ వాడరు.

వాస్తవం: చూడకముందే కట్టమంటే కట్టరు. ఒక కోత లెక్క అందులో సరిగ్గా తేలాక, కాయ అమ్మి చేతిలో డబ్బు ఉన్నప్పుడు అడిగితే కడతారు. అందుకే నేను నెలవారీ చందా మానేసి ఆరు నెలల చందా పెట్టాను. యాప్‌ను ఫోనులోంచి తీసేసినంత మాత్రాన చందా రద్దు కాదన్న సంగతి చాలామందికి తెలియదు కాబట్టి, ఎలా రద్దు చేసుకోవాలో చెల్లింపు తెర మీదనే తెలుగులో రాశాను. అది చదివి చందా మానుకున్నవారు ఉన్నారు. ఆ వాక్యాలను మాత్రం తీసేయలేదు.