ఉచిత క్లాసిఫైడ్ యాడ్స్: చిన్న వ్యాపారులు ఎక్కడ పొరబడతారు

అపోహ: ఎన్ని చోట్ల, ఎన్నిసార్లు పోస్ట్ చేస్తే అంత మంచిది.

వాస్తవం: ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. ఉచితంగా యాడ్స్ పెట్టుకునే సైట్లలో జాబితా చాలావరకు తేదీ ప్రకారం నడుస్తుంది. కొత్తవి వస్తుంటే పాతవి కిందికి జారిపోతాయి. అది చూసి కంగారుపడి అదే యాడ్‌ని నాలుగు కేటగిరీల్లో, ఐదు ఊళ్ల పేరుతో పెట్టేస్తారు. ఒకే నంబరు, ఒకే ఫొటో, అవే వాక్యాలు కనబడితే సైట్లు ఇట్టే పట్టేస్తాయి. అమెరికాకు చెందిన యాడ్స్ సైట్ క్రెయిగ్స్‌లిస్ట్ అయితే సూటిగా చెప్పేసింది: ఒకే కేటగిరీ, ఒకే ఊరు, 48 గంటలకు ఒక్కసారే.

నియమం తప్పితే ఒక్కోసారి యాడ్ తీసేసిన సంగతి కూడా తెలియదు. మీ అకౌంట్‌లో నడుస్తున్నట్టే ఉంటుంది, జాబితాలో మాత్రం ఉండదు. పెట్టిన అరగంటకు, లాగిన్ కాని వేరే ఫోన్‌లో ఆ కేటగిరీ తెరిచి వెతకండి. లింకు తెరుచుకుంటే చాలదు, జాబితాలో కనబడాలి. పాత యాడ్‌నే మళ్లీ పైకి తెచ్చే రెన్యూ బటన్ ఉంటే కొత్తది పెట్టకుండా అదే నొక్కండి.

అపోహ: టైటిల్‌లో "బెస్ట్ క్వాలిటీ, తక్కువ ధర" అని ఉండాలి.

వాస్తవం: ఆ మాటలతో ఎవరూ సెర్చ్ చేయరు. వాషింగ్ మెషీన్ ఆగిపోయినవాళ్లు "వాషింగ్ మెషీన్ రిపేర్" అనే కొడతారు. అవే మాటలతో మొదలుపెట్టండి, తర్వాత ఫ్రంట్ లోడా టాప్ లోడా, ఇంటికి వస్తారా అన్నది. ఫోన్‌లో టైటిల్ సగంలోనే తెగిపోతుంది కాబట్టి షాపు పేరు చివరికి పోయినా నష్టం లేదు. మొదటి ఫొటోగా విజిటింగ్ కార్డు పెట్టకండి. జాబితాలో ఫొటో కనబడే చిన్న డబ్బాలో అక్షరాలు చీమల్లా ఉంటాయి. పగటి వెలుతురులో తీసిన వస్తువు ఫొటోనో, చేసిన పని ఫొటోనో పెట్టండి.

అపోహ: ధర రాయకపోతే కనుక్కోవడానికి ఫోన్ చేస్తారు.

వాస్తవం: చేయరు, పక్క యాడ్‌కి వెళ్తారు. ధర గడిలో 1 అని కొడితే, ధరల ఫిల్టర్ పెట్టుకున్నవాళ్లకు మీరు కనబడనే కనబడరు. కచ్చితంగా చెప్పలేని పనైతే విజిట్ చార్జీ ఎంతో, పార్టులు విడిగానో కాదో రాయండి.

అపోహ: ఫోన్లు మోగుతున్నాయంటే యాడ్ పనిచేస్తున్నట్టే.

వాస్తవం: 30 కాల్స్‌కి 2 పనులు దొరికాయనుకోండి. కాల్‌కి 4 నిమిషాలు వేసుకున్నా రెండు గంటలు పోయాయి. ఉచితం అన్నదానికి బిల్లు ఇదే. "ఎక్కడ చూశారు?" అంటే "నెట్‌లో" అంటారు, అంతకుమించి రాదు. అందుకే ఒక్కో యాడ్‌లో ఒక్కో చిన్న కోడ్ పెట్టి, అది చెప్తే కొంత తగ్గింపు ఇవ్వండి. పుస్తకంలో నాలుగు గళ్లు చాలు: కోడ్, అడిగిందేమిటి, పని వచ్చిందా, ఎంత వచ్చింది. ఒకే ప్రశ్న మూడోసారి వచ్చిందంటే దాని జవాబు యాడ్‌లోకి ఎక్కాలి.

అపోహ: మోసపోయేది కొనేవాళ్లే.

వాస్తవం: అమ్మేవాళ్లకూ వల ఉంది. కొంటామని ఫోన్ చేసి "మీరు నిజమైనవారో కాదో చూసుకోవాలి, మీ ఫోన్‌కి మెసేజ్‌లో వచ్చిన ఆరంకెల కోడ్ చెప్పండి" అంటే ఫోన్ పెట్టేయండి. ఆ కోడ్‌తో మీ నంబరు మీద అకౌంట్ తెరుస్తారు, లేదా ఉన్నదాన్ని లాగేసుకుంటారు.

అపోహ: యాడ్స్, మెసేజ్‌లు అన్నీ సైట్‌లోనే భద్రం.

వాస్తవం: అకౌంట్ బ్లాక్ అయితే చాటింగ్‌తో సహా అన్నీ పోతాయి. కస్టమర్ నంబరు ఆ రోజే మీ పుస్తకంలో రాసుకోండి. యాడ్ మ్యాటరు, అసలు ఫొటోలు ఫోన్‌లో ఒక ఫోల్డర్‌లో ఉంచండి. సైట్ నుంచి తిరిగి దించుకున్న ఫొటోలు సాధారణంగా సైజు తగ్గి, మసకగా వస్తాయి.