బోనస్ మెడల్స్ లొల్లి: క్లాన్‌లో పంచాయితీ అసలు ఎక్కడ పుట్టింది

నెలలో మొదటి పది రోజులు దాటితే చాలు, క్లాష్ ఆఫ్ క్లాన్స్ అనే ఫోన్ ఆట ఆడే నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ, జడ్చర్ల పోరగాళ్ల క్లాన్ (జట్టు) గ్రూపుల్లో అదే పంచాయితీ. లీగ్ ముగిసింది, లీడర్ ఎంచి ఇచ్చే బోనస్ మెడల్స్ ఎవరికి పోయినయ్, ఎందుకు పోయినయ్? ఈసారి మాటలు ముదిరాయి. బోనస్ దక్కనివాళ్లు కలిసికట్టుగా క్లాన్ వదిలి పోతామంటున్నారు. పాత లీడర్లు ‘పోతే పొండి, సీట్లకు కొదవా’ అంటున్నారు. మధ్యలో కో-లీడర్లు ఎటు మాట్లాడినా తిట్లు తింటున్నారు.

క్లాష్ ఆఫ్ క్లాన్స్ ఎప్పుడొచ్చింది, జియో సిమ్ వచ్చాక హాస్టల్ గదుల్లోకి ఎట్ల పాకింది, పబ్‌జీ నిషేధమైన 2020 సెప్టెంబర్ తర్వాత ఎంతమంది మళ్లీ ఈ ఆట ముఖం చూశారు, ఇవన్నీ ఆడేవాళ్లకు తెలిసినవే. ఇప్పటి గొడవ అర్థం కావడానికి వాటితో పనిలేదు. 2018 అక్టోబర్ నుంచి మొదలుపెడితే సరిపోతుంది. క్లాన్ వార్ లీగ్ వచ్చింది అప్పుడే. అప్పటిదాకా క్లాన్‌లో లీడర్ అంటే వార్ పెట్టేవాడు, మర్నాటి నుంచి పంచేవాడు కూడా అయ్యాడు. తెలంగాణలో అవే రోజుల్లో ముందస్తు ఎన్నికల టికెట్ల లొల్లి నడుస్తోంది. లీగ్ లైనప్‌లో, అంటే ఆ రోజు ఆడే జట్టులో, చోటును చాలామంది ‘టికెట్’ అనే అంటారు, ఆ మాట అతికినట్టే ఉంటుంది.

లీగ్ లెక్క ఇది. ఒక గ్రూపులో 8 క్లాన్‌లు. ప్రతి క్లాన్ మిగతా ఏడింటితో రోజుకొకటి చొప్పున తలపడాలి. ఒక రోజు తయారీ, ఏడు రోజుల యుద్ధం, మొత్తం ఎనిమిది రోజులు. నెల మొదట్లో లీడరో కో-లీడరో రోస్టర్, అంటే ఆ నెల లీగ్ జాబితా, ఎంచి పేర్లు నమోదు చేస్తారు. 15 మంది వార్‌కు కనీసం 15 పేర్లు కావాలి, అంతకన్నా ఎక్కువ పెట్టుకోవచ్చు. రోజూ ఆ రోస్టర్ నుంచే 15 మందిని దించాలి. మామూలు వార్‌లో ఒక్కొక్కరికి రెండు అటాక్‌లు, లీగ్‌లో రోజుకు ఒక్కటే. అటాక్‌లో ఎదుటివాడి బేస్‌ను, అంటే ఆటలోని ఊరిని, కూల్చినదాన్ని బట్టి మూడు దాకా స్టార్లు. వార్ గెలిస్తే క్లాన్ ఖాతాలో అదనంగా 10 స్టార్లు పడతాయి. వారం చివర మొత్తం స్టార్లను బట్టి ర్యాంకు, ర్యాంకును బట్టి పై లీగ్‌కు పోవడమో కిందికి జారడమో.

వ్యక్తిగత మెడల్స్‌కు లెక్క వేరు. ఆ ర్యాంకుకు వచ్చే మెడల్స్‌లో ఒక్క స్టార్ కూడా తేనివాడికి 20 శాతం, ఆపైన ప్రతి స్టార్‌కు 10 శాతం చొప్పున 8 స్టార్లకు పూర్తి వంద. ఎనిమిది దాటి 21 తెచ్చినా పైసా ఎక్కువ రాదు. పంచాయితీకి విత్తనం ఇక్కడే పడింది. ఏడు రోజుల్లో 15 చోట్లు, అంటే 105 అటాక్‌లు. సగటున అటాక్‌కు రెండు స్టార్లు తెచ్చేవాడికి నాలుగు అటాక్‌లతో ఎనిమిదీ వచ్చేస్తాయి. అంటే 105 అటాక్‌లను సరిగ్గా తిప్పితే 26 మందికి పూర్తి మెడల్స్ ముట్టజెప్పొచ్చు. అదే గెలుపే ముఖ్యమనుకుంటే ఆ 15 మంది గట్టివాళ్లనే ఏడు రోజులూ ఆడించాలి. అప్పుడు తలా 15, 18 స్టార్లు వచ్చినా వాళ్లకు ఎనిమిదింటి ఫలమే, బయట కూర్చున్న పదకొండు మందికి 20 శాతం. క్లాన్ గెలుపు, మనుషుల లాభం అంతకుముందు ఒకే దారిలో నడిచేవి, లీగ్ వాటిని విడగొట్టింది.

2014 ఏప్రిల్‌లో క్లాన్ వార్ వచ్చినప్పుడు పంచుకోవడానికి ఏమీ ఉండేది కాదు. గెలిస్తే ఎవరి అటాక్‌ను బట్టి వాళ్ల లూట్ బోనస్ నేరుగా వాళ్ల ఖాతాలో పడేది. లీడర్‌కు తెలియాల్సిన విద్య ఒక్కటే, వార్ ఏ వేళకు పెట్టాలి అని. తయారీ 23 గంటలు, యుద్ధం 24. ఇవాళ రాత్రి 9కి మ్యాచ్ దొరికితే రేపు రాత్రి 8కి యుద్ధం మొదలై ఎల్లుండి రాత్రి 8కి ముగుస్తుంది. రైస్ మిల్లులో, బట్టల దుకాణంలో పనిచేసేవాడు ఇంటికొచ్చి స్నానం చేసేసరికి ఫోన్‌లో చివరి గంట మోగుతుంటే అంతా పోయినట్టే. అందుకని తెలిసిన లీడర్లు రాత్రి 11 తర్వాత వెతికేవారు, యుద్ధం 10కి మొదలై 10కి ముగిసేది. మొదటి అటాక్ మిర్రర్ మీద, అంటే తన నంబర్‌కు ఎదురు నంబర్ మీద. రెండోది పైవాళ్లు చెప్పినచోట. పక్కవాడి టార్గెట్‌ను అడగకుండా కొట్టినవాడిని గ్రూపులో రెండు రోజులు ఆడుకునేవారు, అక్కడితో మర్చిపోయేవారు.

బోనస్ మెడల్స్ విషయానికొస్తే, లీగ్ హోదాను బట్టి కొన్ని, వాటికి తోడు గెలిచిన ప్రతి వార్‌కు ఒకటి. అవి ఎవరికి ఇవ్వాలో ఆట చెప్పదు. స్టార్లు ఎక్కువ తెచ్చినవాడికే ఇవ్వాలన్న నియమం ఎక్కడా రాసిలేదు. పేర్ల పక్కన టిక్ కొట్టి ఖాయం చేస్తే పోతాయి. చిన్న విషయంలా కనబడుతుంది గానీ, మెడల్స్ దుకాణంలో సుత్తుల ధరలు చూస్తే ఎందుకు కొట్టుకుంటారో తెలుస్తుంది. లీగ్ వచ్చినప్పుడు పెట్టిన ధర ప్రకారం బిల్డింగ్ సుత్తి 120 మెడల్స్, హీరోల సుత్తి 165. పైస్థాయి హీరోకు వారం పైన పట్టే అప్‌గ్రేడ్ ఆ సుత్తి ఒక్క దెబ్బకు అయిపోతుంది. డబ్బు పెట్టి జెమ్స్ కొనలేని డిగ్రీ పిల్లాడికి ఈ ఆటలో దొరికే అతి విలువైన సరుకు అదే. ఆ సరుకు తాళంచెవి ఒక మనిషి చేతిలో ఉంది.

ఆ మనిషికి రెండు మూడు ఐడీలు (ఆట ఖాతాలు) ఉండటం అసలు మెలిక. పాత లీడర్లలో ఒక్క ఐడీ ఉన్నవాళ్లు అరుదు. పాత ఫోన్‌లో ఒకటి, తమ్ముడి పేరున ఒకటి, ఊరికే తెరిచి పెంచింది ఇంకొకటి. 20 మంది రోస్టర్‌లో నాలుగు పేర్లు ఒకే మనిషివైతే, ఏడు బోనస్‌లలో రెండో మూడో ఆ ఇంట్లోకే పోతాయి. ఏ నంబర్ ఎవరి రెండో ఐడీయో గ్రూపులో అందరికీ తెలుసు, నోరెత్తి అనేవాడు మాత్రం ఉండడు. ఈసారి ఒకరిద్దరు అన్నారు, అందుకే ఇంత మంట.

పాత లీడర్ల వాదన ఇది. క్లాన్‌ను ఏళ్ల తరబడి నిలబెట్టింది మేము, రాత్రుళ్లు అందరి బేస్‌లలో కాపలా సైన్యంతో కోటలు నింపింది మేము, జనం తగ్గినప్పుడు మా రెండో ఐడీలు పెట్టకపోతే 15 మందే అయ్యేవారు కాదు, లీగే ఉండేది కాదు. పై లీగ్‌లో ఉంటేనే మెడల్స్ ఎక్కువ, తిప్పుతూ పోతే కిందికి జారి అందరికీ నష్టమే. ఇందులో కోటలు నింపిన మాట నిజం.

అవతలివాళ్లు చెప్పేది చిన్న చిన్న సంగతులే, కానీ ఒక్కోటీ లెక్కకు నిలబడేవి. మొదటిది, ఎవరు ఏ రోజులు ఉండరో అడగకుండానే రోస్టర్ పేర్లకు టిక్ కొట్టేస్తారు. 2025లో దసరా అక్టోబర్ 2న పడింది, లీగ్ పేర్ల నమోదు సరిగ్గా అవే రోజులు. సద్దుల బతుకమ్మ, దసరా పేరున సగం మంది ఊళ్లకు పోయి ఉన్నారు. అడగకుండా రోస్టర్ మూసేస్తే, ఊరి నుంచి తిరిగొచ్చినవాడు ఆ నెలంతా బయటే. మూసిన రోస్టర్‌లో కొత్త పేరు చేర్చే దారి లేదు.

రెండోది కోతల కాలం. అక్టోబర్ చివర్లో, నవంబర్‌లో వానాకాలం వరి కోసి ఐకేపీ సెంటర్‌లో వడ్లు పోసుకున్న ఇళ్లల్లో కుర్రాళ్లే రాత్రి కావలి. కుప్ప పక్కన టార్పాలిన్ మీద పడుకుని, పవర్ బ్యాంకుకు ఫోన్ తగిలించి, ఒక్క గీత సిగ్నల్‌తో అటాక్ కొట్టాలి. మధ్యలో నెట్ తెగితే ఫోన్ తిరిగి కలిసేలోపు సైన్యం తన దారిన తాను పోయి రెండు స్టార్లు రావాల్సిన చోట సున్నా మిగులుతుంది. మళ్లీ కొట్టే అవకాశం లేదు, ఆ రోజుకు ఒక్కటే. మర్నాడు లైనప్‌లో పేరుండదు, వారం చివర ‘మిస్ కొట్టిండు’ అని బోనస్ జాబితాలో అసలే ఉండదు. మిస్ కావడం వేరు, కొట్టి ఫెయిల్ కావడం వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టడం సగం క్లాన్‌ల రోగం.

మూడోది లైనప్ మార్పు. తయారీ సమయంలో పేర్లు మార్చే వీలుంది, అదే మంచిది కూడా. కానీ చివరి గంటలో మారిస్తే కొత్తగా దిగినవాడి బేస్ కోట ఖాళీగా ఉంటుంది, నింపేవాళ్లు ఆ వేళకు నిద్రలో ఉంటారు. ఖాళీ కోట మీద ఎదుటివాడు సులువుగా మూడు స్టార్లు కొడతాడు, తిట్లు మాత్రం బేస్ యజమానికి. తప్పు ఎవరిదో స్క్రీన్‌లో ఎక్కడా కనబడదు.

ఇవి అలకల కథలని కొట్టేసేవాళ్లు ఒక సంగతి చూడాలి. ఆటే నేరుగా పంచే చోట ఇదే మనుషుల మధ్య చిన్న గొడవ కూడా లేదు. 2017 డిసెంబర్‌లో వచ్చిన, చిన్న చిన్న పనులు చేసి పాయింట్లు తెచ్చే క్లాన్ గేమ్స్‌లో ఒక్కరికి 4,000 పాయింట్ల హద్దు, క్లాన్‌కు 50,000 కావాలి. పదమూడు మంది పూర్తిగా ఆడితే 52,000, పని అయిపోతుంది, బహుమతులు ఎవరివి వాళ్లు ఏరుకుంటారు. 2022 మేలో వచ్చిన, క్లాన్ అంతా కలిసి ఎదుటి క్లాన్‌ల రాజధానుల మీద పడే క్లాన్ క్యాపిటల్‌లోనూ అంతే. శుక్రవారం మధ్యాహ్నం 12:30 నుంచి సోమవారం 12:30 దాకా రెయిడ్, ఒక్కొక్కరికి ఐదు అటాక్‌లు, ఆ రాజధానిలో ఒక డిస్ట్రిక్ట్‌ను (ఒక భాగాన్ని) ఖతం చేస్తే ఆరోది. మెడల్స్ ఎన్ని అటాక్‌లు కొడితే అన్ని వాటాలు. రెయిడ్ మీద తిట్టుకున్నా అది బద్ధకం మీదే ఉంటుంది, పంపకం మీద ఉండదు.

లీగ్‌లో ఇంకో ముడి కూడా ఉంది. ఒక క్లాన్ రోస్టర్‌లో పేరు పడితే ఆ నెల ఇంకో క్లాన్ తరఫున లీగ్ ఆడలేరు. మూడో రోజు అలిగి బయటికి పోయినవాడు ఎక్కడా ఆడలేక కూర్చోవాలి. లీడర్లకు ఇది పగ్గంలా పనికొచ్చింది, అందుకే ఇప్పుడు వెళ్లిపోతామనేవాళ్లు లీగ్ ముగిశాక, వచ్చే నెల నమోదు తెరవకముందే పోతామంటున్నారు. తెలివైన లెక్కే. పై లీగ్ క్లాన్‌లలో సీటుకు డబ్బు తీసుకునే దళారులూ ఈ సందులోనే పుట్టారు. ఆ బేరం ఆట కంపెనీ సూపర్‌సెల్ నియమాలకు విరుద్ధం, డబ్బు ముందే కట్టించుకుని రోస్టర్‌లో పేరు పెట్టకపోతే అడగడానికి దిక్కుండదు.

వెళ్లేవాళ్లకైనా ఉండేవాళ్లకైనా ముందు చూసుకోవాల్సింది లీడర్ ఐడీ ఏ మెయిల్‌కు కట్టి ఉందన్నది. ఆటలో లీడర్ కో-లీడర్‌ను లీడర్ చేస్తే తాను కో-లీడర్‌గా దిగిపోతాడు, ఆ పని అయిపోయాక తిరిగి ఇచ్చేవాడి దయ. అమ్ముకున్న ఐడీ, చేతులు మారిన ఐడీ లీడర్‌గా ఉంటే ఆ మెయిల్ ఎవరి ఫోన్‌లో ఉంటే క్లాన్ వాడిదే. కో-లీడర్ల సంఖ్యా అంతే ముఖ్యం. మంచివాడు కదా అని పదిమందికి ఆ హోదా ఇస్తే, వాళ్లలో ఒక్కడికి రాత్రి కోపమొస్తే కింది హోదావాళ్లందరినీ తీసేస్తాడు, తెల్లారేసరికి ఎల్డర్లు, మెంబర్లు ఎవరూ మిగలరు. కో-లీడర్‌ను మాత్రం ఇంకో కో-లీడర్ తీసేయలేడు, లీడరే లేవాలి. నలుగురు చాలు, అందులో ఒకరు నైట్ డ్యూటీ చేసేవారైతే మరీ మంచిది.

గొడవ లేకుండా నడుస్తున్న క్లాన్‌లు పెద్ద విద్యేమీ చూపడం లేదు. నమోదుకు రెండు రోజుల ముందు గ్రూపులో పేర్లు అడుగుతారు, ఊరికి పోయేవాళ్లు ఏ రోజులు ఉండరో రాస్తారు. ఒక షీట్ తెరుస్తారు. పేరు, ఏడు రోజుల గడులు, చివర మిస్, కోట నింపిన రోజులు. గడిలో స్టార్ల అంకె, ఆడకపోతే ‘మి’, నెట్ తెగితే ‘నె’. ఎనిమిది స్టార్లు నిండినవాడి గడి పచ్చగా మారుతుంది, మర్నాడు అతని చోట ఇంకొకరు దిగుతారు. మొదటి నాలుగు రోజులు గట్టి 15 మందితో ఆడించి నాలుగూ గెలిస్తే, ఐదో రోజు నుంచి ఐదారుగురు కొత్తవాళ్లను దించుతారు. మొదటి వార్ ఓడితే ఈ లెక్క తిరగబడుతుంది, పై లీగ్ అందడం కష్టమవుతుంది కాబట్టి అప్పుడు తిప్పడమే మేలనుకుంటారు. లీడర్ రెండో ఐడీలకు షీట్‌లో ఎర్ర గీత ఉంటుంది, లైనప్‌కు పనికొస్తాయి, బోనస్‌కు రావు. ఆ గీత ఈ నెల గొడవపడుతున్న క్లాన్‌ల షీట్‌లలో లేదు, వాళ్లలో చాలామందికి షీటే లేదు.

బోనస్ పేర్లు ఎనిమిదో రోజు రాత్రే స్క్రీన్‌షాట్‌గా గ్రూపులో పెడతారు, అభ్యంతరాలకు మర్నాడు మధ్యాహ్నం దాకా గడువు. ఆ తర్వాతే టిక్ కొడతారు, ఎందుకంటే ఒక్కసారి ఖాయం చేశాక వెనక్కి తీసుకునే బటన్ ఆటలో లేదు.