మాంగా అపోహలు - వాస్తవాలు: ముందు అట్ట కాదు, వెనక అట్ట చూడండి

నల్లగొండ క్లాక్ టవర్‌కు దగ్గర్లో మాది పుస్తకాల షాపు. గ్రూప్స్ మెటీరియల్, టెట్ గైడ్లు, స్కూలు నోట్‌బుక్కులు అమ్ముకుంటూ ఆరేళ్ల కింద ఒక ర్యాకు మాంగాకు, అంటే జపాన్ బొమ్మల కథల పుస్తకాలకు, ఇచ్చాను. ఆ ర్యాకు ముందు నిలబడే పిల్లలకు నేను చెప్పాల్సిందేమీ ఉండదు, వాళ్లే నాకు చెప్తారు. చెప్పాల్సిందంతా వాళ్ల వెనక నిలబడే అమ్మానాన్నలకే. పోయిన వారం కూడా ఒకామె వచ్చి, సంచిలోంచి ఒక వాల్యూం తీసి కౌంటర్ మీద పెట్టింది. "అన్నా, మా వాడు ఎప్పుడు చూసినా గిదే చదువుతున్నడు. చిన్నపిల్లల బొమ్మల పుస్తకమేనా, ఇంకేమన్ననా?" అని అడిగింది. ఇవి చదివే పిల్లలు చచ్చిపోవాలనుకున్నవాళ్ల పేర్లు నోట్‌బుక్కుల్లో రాస్తారని ఎవరో వాట్సాప్‌లో పంపారట, రాత్రంతా నిద్ర లేదట. ఆమెకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: బొమ్మలున్నాయంటే అది పిల్లల పుస్తకమే.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. మనం చందమామ చూస్తూ పెరిగినవాళ్లం. బొమ్మ అంటే పిల్లలదే అని మనసులో పడిపోయింది. జపాన్‌లో అట్లా కాదు. మనకు సినిమా ఎట్లాగో వాళ్లకు మాంగా అట్లాగ. అందులో పసిపిల్లలవీ ఉంటాయి, పెళ్లైనవాళ్లు చదువుకునేవీ ఉంటాయి, పెద్దవాళ్లు కూడా తట్టుకోలేనంత రక్తం ఉన్నవీ ఉంటాయి. అక్కడ పత్రికలే వేరువేరుగా వస్తాయి. మగపిల్లలకు షోనెన్, ఆడపిల్లలకు షోజో, పెద్దవాళ్లకు సేనెన్, జోసే.

కేజీ నకజావా సంగతే తీసుకోండి. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద బాంబు పడినప్పుడు ఆయనకు ఆరేళ్లు. తండ్రి, అక్క, తమ్ముడు ఆ రోజే పోయారు. పెద్దయ్యాక ఆ అనుభవాన్నే మాంగాగా గీశాడు. 1973లో అది మొదలైంది మగపిల్లలు చదివే వారపత్రికలోనే. మా షాపుకు వచ్చే ఒక రిటైర్డ్ సోషల్ టీచర్‌కు దాని మొదటి వాల్యూం ఇచ్చాను. ఇంటికి తీసుకెళ్లకుండా ఇక్కడే స్టూలు మీద కూర్చుని సగం చదివారు. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటుంటే నేను లెక్కల పుస్తకంలో తల దూర్చాను.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. రెండేళ్ల కింద ఎండాకాలం సెలవుల్లో దేవరకొండ వైపు నుంచి ఒకాయన వచ్చాడు. కొడుకు పుట్టినరోజట. "వాడు గిసొంటి పుస్తకాలే చదువుతడు" అంటూ పై వరసలోంచి కత్తి పట్టుకున్న వీరుడి బొమ్మ ఉన్న వాల్యూం ఒకటి తీసిచ్చాడు. షాపులో రష్‌గా ఉంది. బాబుకు ఎన్నేళ్లని నేను అడగలేదు. బిల్లు కొట్టేశాను. ఆ బాబు ఆరో తరగతి. ఆ పుస్తకం 18 ఏళ్లు దాటినవాళ్లది.

నాలుగో రోజు ఆయన వచ్చి పుస్తకం తెరిచి కౌంటర్ మీద పడేశాడు. ఆ పేజీ నేనూ చూశాను. ఆయన కోపంలో ఒక్క మాట కూడా అన్యాయం లేదు. డబ్బులు వాపస్ ఇచ్చాను, క్షమించమన్నాను. కానీ అప్పటికే ఇంట్లో ఉన్న మిగతా 14 వాల్యూంలు పాత పేపర్లతో కలిపి కిలో లెక్కన అమ్మేశాడు. అవన్నీ నా దగ్గర కొన్నవే, అన్నీ పిల్లలు చదువుకునేవే. ఆ పద్నాలుగింటిలో ఒక్కదాంట్లో కూడా ఆయన భయపడ్డ పేజీ లేదు. పండక్కి మేనమామ ఇచ్చిన డబ్బులు దాచుకుని ఆ పిల్లవాడు రెండేళ్లు కొనుక్కున్నాడు. ప్రతి వాల్యూం లోపల మొదటి పేజీలో నీలం పెన్నుతో కొన్న తేదీ వేసుకునేవాడు.

అసలు నష్టం అక్కడితో ఆగలేదు. కొన్ని నెలల తర్వాత వాడి స్నేహితుడు చెప్పాడు, ఇప్పుడు వాడు రాత్రిళ్లు నాన్న ఫోన్‌లో దొంగ సైట్లలో చదువుతున్నాడని. ఆ సైట్లలో వయసు గుర్తు ఉండదు, పేజీకో బెట్టింగ్ యాడ్, అంతకన్నా ఘోరమైనవి కూడా. దేన్నుంచి కాపాడాలనుకున్నారో పిల్లవాణ్ణి సరిగ్గా అక్కడికే పంపారు. ఫోన్‌లోనే చదవాలంటే జపాన్ ప్రచురణ సంస్థ షుయేషా 2019లో తెచ్చిన మాంగా ప్లస్ ఉంది. చాలా కథల మొదటి భాగాలు, కొత్త భాగాలు అందులో ఉచితంగానే దొరుకుతాయి. వయసు మాత్రం అక్కడ కూడా మీరే చూసుకోవాలి.

కాబట్టి వెనక అట్ట తిప్పి చూడండి. మన దగ్గర ఎక్కువగా దొరికేవి విజ్ మీడియా అనే సంస్థ ఇంగ్లిష్‌లో వేసే మాంగా పుస్తకాలు, వాటి మీద చిన్న గుర్తు ఉంటుంది. 'టి' అంటే 13 దాటినవాళ్లకు, 'టి ప్లస్' అంటే 16 దాటినవాళ్లకు, 'ఎం' అంటే 18 దాటినవాళ్లకు. 'ఎ' అని ఉంటే అందరికీ. ఇక్కడే చాలామంది బోల్తా పడుతున్నారు. మన సినిమా 'ఎ' పెద్దలకు మాత్రమే, ఈ 'ఎ' అందరికీ. 'ఎ' గుర్తు చూసి పెద్దలదని పక్కన పెట్టి, 'ఎం' గుర్తున్నది ఇంటికి తీసుకెళ్తున్న తండ్రిని నేను తలుపు దగ్గర ఆపాను. ఇంకో మాట. షోనెన్ అని రాసి ఉన్నంత మాత్రాన చిన్నపిల్లలకు సరే అనుకోవద్దు. షోనెన్ అనేది ఏ పత్రికలో వచ్చిందో చెప్తుంది, అంతే. వయసు చెప్పేది వెనక గుర్తే.

పైన చెప్పిన వాట్సాప్ మెసేజ్ కూడా అట్లాంటి పుస్తకం గురించే. 'డెత్ నోట్' అనే మాంగాలో ఎవరి పేరు రాస్తే వాళ్లు చనిపోయే నోట్‌బుక్కు ఒకటి ఉంటుంది. 2003 నుంచి 2006 దాకా షోనెన్ పత్రికలోనే వచ్చింది, ఇంగ్లిష్ పుస్తకం మీద మాత్రం 'టి ప్లస్' ఉంటుంది. ఆ తల్లి కొడుకు లాంగ్ నోట్‌బుక్కు కూడా తెచ్చింది. వెనక పేజీలో పదకొండు పేర్లు, ఇద్దరి పేర్లు కొట్టేసి ఉన్నాయి. నాకూ ఒక్క క్షణం గుండె ఆగింది. పక్కనే ఉన్న పిల్లలు చూసి, అది ఆదివారం క్రికెట్ టీమ్ అని చెప్పారు. కొట్టేసిన ఇద్దరూ ఊరికి వెళ్లారట. ఆమె అక్కడే కూర్చుని మంచినీళ్లు తాగింది. అమ్మా, మీరు భయపడ్డందుకు ఎవరూ తప్పు పట్టరు. తెలిసీ తెలియక మెసేజ్ ఫార్వర్డ్ చేసినవాళ్ల మీదే నా కోపం.

మిగతావి గబగబా చెప్తాను.

"బైండింగ్ ఉల్టా వచ్చింది, మార్చివ్వండి." నెలకు ఒక్కరైనా వస్తారు. ఉల్టా కాదు, మాంగా కుడి నుంచి ఎడమకు చదవాలి. పేజీలో గళ్లు కూడా అటు నుంచే. ఒకసారి ఇట్లాగే ఒకాయన నాతో వాదిస్తుంటే, మనవడికి పెన్నులు కొనడానికి వచ్చిన ఒక చాచా పుస్తకం అందుకుని, రోజూ ఉర్దూ పేపర్ తిప్పే చేత్తోనే కుడివైపు నుంచి తెరిచి, "ఉల్టా కహా హై, సీధాచ్ హై" అన్నారు. మన ఊళ్లో ఇది ఇంత కష్టపడి చెప్పాల్సిన సంగతి కాదు.

"రంగులు లేవు, జిరాక్సా?" కాదు. వారపత్రికలో చవక కాగితం మీద నలుపు తెలుపుల్లోనే వస్తుంది, పుస్తకమూ అట్లాగే. నకిలీలు మాత్రం వేరే ఉన్నాయి. సెట్ మొత్తం సగం ధరకే అంటే అనుమానించండి. నకిలీల్లో చుక్కల షేడింగ్ మసకగా కలిసిపోతుంది, మాటలు బైండింగ్ లోపలికి పోతాయి.

"ఆడపిల్లకెందుకు ఇవి?" ఈ మాటకు మాత్రం నాకు ఓపిక ఉండదు. గీసేవాళ్లలోనే ఎంతమంది ఆడవాళ్లు! హిరోము అరకావా జపాన్‌లోని హొక్కైడోలో పాడి రైతుల ఇంట్లో పుట్టింది. వ్యవసాయ హైస్కూలు కథగా ఆమె గీసిన మాంగా చదివి, పాలకేంద్రానికి పాలు పోసే ఇంటి నుంచి వచ్చిన ఇంటర్ అమ్మాయి ఒకతి నాతో గంటసేపు మాట్లాడింది, వాళ్ల బర్రె ఈనిన రాత్రి గురించి.

"అన్ని వాల్యూంలూ కొనకపోతే ఫ్యాన్ కాదు." ఇది పిల్లల్లో పిల్లలే పుట్టించిన టెన్షన్. వందకు పైగా వాల్యూంలు ఉన్న కథలున్నాయి, ఎవరు కొంటారు? ముగ్గురు కలిసి ఒకటి కొని, తలా రెండు రోజులు చదివి, మూడో రోజు నా షాపు మెట్ల మీద కొట్లాడుకునే పిల్లలున్నారు. వాళ్లకన్నా పెద్ద ఫ్యాన్లను నేను చూడలేదు.

చదువు పాడవుతుందా అంటే, పరీక్షల ముందు రాత్రి ఏది చదివినా పాడవుతుంది. దానికి టైం పెట్టండి, పుస్తకం దాచకండి.

ఆ దేవరకొండ బాబు పుస్తకాలు వెతుక్కుంటూ నేను పాత పేపర్ల దుకాణాలన్నీ తిరిగాను. లోపల నీలం ఇంకు తేదీ చూసి గుర్తుపట్టి తొమ్మిది తెచ్చుకున్నాను. మిగతా ఐదు దొరకలేదు. ఆ తొమ్మిదీ కవర్లో చుట్టి కౌంటర్ కింద పెట్టాను. బాబు ఇప్పుడు ఎనిమిదో తరగతికి వచ్చి ఉంటాడు. వాళ్ల నాన్న ఇది చదివితే ఒకసారి షాపుకు రావాలి. డబ్బులేం వద్దు. ఆ ఐదు కూడా నేనే తెప్పించి ఇస్తాను.